ఈసారి బెంచీ నిండింది

2025 ఆగస్టు 31, ఆదివారం రాత్రి తొమ్మిది. మా వీధి మండపంలో వినాయకుడికి ఐదో రోజు, నిమజ్జనానికి తీస్తున్నారు. కింద తీన్మార్ డప్పులకి మా కిటికీ అద్దాలు అదురుతున్నాయి. నేనూ, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయీ టీవీ ముందు కూర్చున్నాం. లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో, మేం అభిమానించే లండన్ ఫుట్‌బాల్ జట్టు ఆర్సెనల్ మ్యాచ్. డప్పుల్లో కామెంటరీ వినబడటం లేదు, బొమ్మ ఒక్కటే చూస్తున్నాం. ఐదో నిమిషంలో మా డిఫెన్స్‌కి మూలస్తంభం లాంటి విలియం సాలిబా ఇక నా వల్ల కాదన్నట్టు ఆగిపోయాడు. చీలమండ నొప్పి.

మా అమ్మాయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "నాన్నా, మళ్లీనా?" అంది.

ఆ ఒక్క మాట వెనక మా ఇంట్లో రెండున్నరేళ్ల బాధ ఉంది. 2023 మార్చి 16న యూరోపా లీగ్‌లో పోర్చుగల్ జట్టు స్పోర్టింగ్‌తో ఆడుతున్నప్పుడు ఇదే సాలిబా నడుం పట్టేసి బయటికి వెళ్లాడు. అదే మ్యాచ్‌లో ఇంకో డిఫెండర్ తోమియాసు కూడా గాయపడ్డాడు. అప్పటికి ప్రీమియర్ లీగ్‌లో ఆర్సెనలే పైన ఉంది. సాలిబా చోటులోకి రాబ్ హోల్డింగ్ వచ్చాడు. మొదట్లో రెండు మ్యాచ్‌లు బాగానే గెలిచాం. తర్వాత లివర్‌పూల్ మీద 2-0 ఆధిక్యం పోయి 2-2, వెస్ట్‌హామ్ మీద అలాగే 2-0 పోయి 2-2, అట్టడుగున ఉన్న సౌతాంప్టన్‌తో సొంత మైదానంలో 3-3, ఆఖరికి మాంచెస్టర్ సిటీ చేతిలో 4-1 ఓటమి. ఆ సీజన్‌లో మొత్తం 248 రోజులు అగ్రస్థానంలో ఉండి, చివరికి 84 పాయింట్లతో రెండో స్థానంలో మిగిలాం. సిటీకి 89. హోల్డింగ్‌ని నేనెప్పుడూ తిట్టలేదు. తనకి చేతనైనంత ఆడాడు. సాలిబా చేసే పని చేయగల రెండో మనిషిని జట్టులో ఉంచుకోకపోవడమే అసలు తప్పు.

మళ్లీ ఆదివారం రాత్రికి వస్తాను. సాలిబా కుంటుకుంటూ వెళ్తుంటే గీత దగ్గర ట్రాక్‌సూట్ విప్పుతూ ఒక పొడుగాటి కుర్రాడు కనిపించాడు. క్రిస్తియన్ మొస్కేరా. ఇరవై ఒక్కేళ్లు. వాలెన్సియా నుంచి వచ్చి ఐదు వారాలు దాటింది అంతే. ఒళ్లు వేడెక్కకుండానే ఆన్‌ఫీల్డ్‌లో దిగి, ఎకిటికేకి, గాక్పోకి, సలాహ్‌కి ఎదురు నిలబడాలి. మా అమ్మాయి నా మోచెయ్యి వదల్లేదు. పది నిమిషాలు గడిచాయి. ఎకిటికే ఒకసారి పరుగు అందుకోబోతే మొస్కేరా తొందరపడకుండా పక్కనే పరుగెత్తి, కాలు చాపకుండా, ఒంటితో అడ్డుపడి బంతి తీసుకున్నాడు. ఆ చెయ్యి అప్పుడు వదిలింది. మిగిలిన ఎనభై అయిదు నిమిషాల్లో అతని పొరపాటు వల్ల గోల్ పడలేదు. పడిన ఒక్క గోల్ 83వ నిమిషంలో సోబోస్లాయ్ ముప్ఫై గజాల పైనుంచి కొట్టిన ఫ్రీకిక్. అలాంటి దెబ్బకి ఏ డిఫెండరూ ఏమీ చేయలేడు.

1-0తో ఓడిపోయాం. రాత్రి పదకొండున్నరకల్లా మా మిత్రుల వాట్సాప్ గ్రూపు నిండా ఒకటే మాట, "అదే పాత కథ, ఇంత ఖర్చు పెట్టి ఏం లాభం" అని. ఈ వ్యాసం వాళ్ల కోసమే రాస్తున్నాను. ఇది పాత కథ కాదు. ఈ వేసవిలో ఆర్సెనల్ చేసిన పని నేను ఇరవై రెండేళ్లుగా ఎదురుచూస్తున్న పని. అందరూ కొత్త స్ట్రైకర్ గ్యోకెరెస్ గురించి, గోల్స్ గురించి మాట్లాడుకుంటున్నారు. నా దృష్టిలో ఈ వేసవిలో మనం కొన్న అతి విలువైనది స్ట్రైకర్ కాదు, బెంచీ, అంటే అవసరమైతే బదులు దిగడానికి పక్కన కూర్చునే ఆటగాళ్లు.

2003-04లో నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. హాస్టల్ కామన్‌ రూమ్‌లో ఒకే టీవీ. క్రికెట్ ఉన్న రోజు మాకు చోటే ఉండేది కాదు. లేని రోజు నలుగురం ముందు వరసలో కూర్చుని ఈఎస్‌పీఎన్ పెట్టుకునేవాళ్లం. ఆ జట్టుని చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకి చెప్పినా చాలదు. 38 మ్యాచ్‌లు, 26 గెలుపులు, 12 డ్రాలు, ఓటమి లేదు. థియరీ ఆన్రీ ఎడమ పక్క నుంచి లోపలికి వస్తుంటే టీవీ ముందు మేం మెల్లగా లేచి నిలబడేవాళ్లం. ఏటా ఇలాగే ఉంటుందనుకున్నాను. ఈ 2025 దాకా చూస్తే అదే ఆర్సెనల్ గెలిచిన ఆఖరి లీగ్ టైటిల్. మా అమ్మాయి పుట్టాక ఒక్కటీ లేదు.

ఆ తర్వాత వేసవి వచ్చిందంటే భయం. ఎవరు వస్తారా అని కాదు, ఎవరు పోతారా అని. కొత్త స్టేడియం అప్పు మెడ మీద ఉన్న రోజులు అవి. 2007లో ఆన్రీ బార్సిలోనా వెళ్లాడు. 2011లో ఫాబ్రెగాస్, నాస్రీ ఇద్దరూ ఒకే వేసవిలో పోయారు. 2012లో వాన్ పెర్సీని మాంచెస్టర్ యునైటెడ్‌కి అమ్మారు, వాళ్లు ఆ ఏడే అతనితో టైటిల్ కొట్టారు. 2015 వేసవి మాత్రం నేను ఇప్పటికీ మర్చిపోలేను. గోల్‌కీపర్ పీటర్ చెక్ తప్ప సీనియర్ జట్టుకి ఒక్క ఆటగాడిని కొనలేదు. ఆ సీజన్‌లో పెద్ద జట్లన్నీ తడబడ్డాయి, దారి మొత్తం ఖాళీగా ఉంది. ఆ దారిన లెస్టర్ సిటీ 81 పాయింట్లతో నడిచి వెళ్లింది. మనం 71తో రెండో స్థానం. ఆ వేసవిలో ఒక్కరంటే ఒక్క మిడ్‌ఫీల్డర్‌నీ, ఒక్క స్ట్రైకర్‌నీ కొని ఉంటే అని ఈ రోజుకీ అనిపిస్తుంది.

అయితే కిందటి సీజన్ గాయం ఇంకా పచ్చిగా ఉంది కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్పాలి.

2024 డిసెంబర్ 21న క్రిస్టల్ ప్యాలెస్ మ్యాచ్‌లో కుడి పక్క వింగర్ బుకాయో సాకాకి తొడ కండరం చిరిగింది. ఏప్రిల్ 1 దాకా మళ్లీ మైదానంలో కనబడలేదు. జనవరిలో ఎఫ్‌ఏ కప్ మ్యాచ్‌లో స్ట్రైకర్ గాబ్రియల్ జెసూస్ మోకాలు పోయింది. ఆటగాళ్లని కొనుక్కునే గడువు, ట్రాన్స్‌ఫర్ విండో, ఇంకా తెరిచే ఉంది. స్ట్రైకర్ ఆలీ వాట్కిన్స్ కోసం అడిగారు, ఆస్టన్ విల్లా ఇవ్వనంది. అంతే, ఇంకెవరినీ తీసుకోకుండా విండో మూసేసుకున్నారు. ఫిబ్రవరిలో దుబాయ్ ట్రైనింగ్‌లో హావెర్ట్జ్ తొడ కండరం కూడా పోయింది. జట్టులో ఆడగలిగే స్ట్రైకర్ అనేవాడే లేడు!

అప్పుడు కోచ్ ఆర్టెటా మిడ్‌ఫీల్డర్ మికెల్ మెరీనోని ముందు నిలబెట్టాడు. ఫిబ్రవరి 15న లెస్టర్ మీద ఆఖరి పది నిమిషాల్లో మెరీనో రెండు గోల్స్ కొట్టేసరికి మా ఇంట్లో పండగే. సరిగ్గా వారానికి వెస్ట్‌హామ్ వచ్చి మన మైదానంలో 1-0తో గెలిచి వెళ్లింది. ఆ రాత్రి మా అమ్మాయి అన్నం ప్లేటు పట్టుకుని టీవీ ముందు కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకోకుండా అలాగే ఉండిపోయింది. బంతి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరుగుతోంది. గోల్ ముందు పెనాల్టీ బాక్స్ లోపల దాని కోసం దూకేవాడు లేడు. చూస్తున్నంతసేపు గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉంది.

ఆ సీజన్ లెక్కలు చూడండి. మనం తిన్న గోల్స్ 34, లీగ్‌లో అందరికంటే తక్కువ. కొట్టినవి 69. టైటిల్ కొట్టిన లివర్‌పూల్ 86 కొట్టింది. మనం ఓడింది నాలుగు మ్యాచ్‌లే, వాళ్లూ అంతే. కానీ డ్రాలు 14. ఎవర్టన్‌తో 0-0, ఫారెస్ట్‌తో 0-0, విల్లా మీద 2-0 ఆధిక్యం పోయి 2-2, బ్రెంట్‌ఫర్డ్‌తో 1-1. డెబ్బయ్యో నిమిషంలో కోచ్ వెనక్కి తిరిగి బెంచీ వైపు చూస్తే, ఆట తీరు మార్చగలవాడు అక్కడ కూర్చుని లేకపోతే వచ్చే ఫలితాలు ఇవి. లీగ్‌లో మన టాప్ స్కోరర్ హావెర్ట్జ్, 9 గోల్స్. అతను ఫిబ్రవరి నుంచి ఆఖరి రోజుల దాకా ఆడనే లేదు.

చాంపియన్స్ లీగ్‌లో ఏప్రిల్ 8న రియల్ మాడ్రిడ్ మీద 3-0. డెక్లన్ రైస్ రెండు ఫ్రీకిక్‌లు కొట్టాడు. అర్ధరాత్రి దాటి రెండింటికి నేనూ మా అమ్మాయీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అరిచాం, పక్క గదిలో మా అమ్మ నిద్ర లేస్తుందని. వారానికి వాళ్ల మైదానంలోనూ గెలిచాం. సెమీస్‌లో పారిస్ జట్టు ఎదురైంది. మొదటి మ్యాచ్‌కి మిడ్‌ఫీల్డ్‌లో ఒకరు సస్పెన్షన్ వల్ల లేరు. దాంతో మెరీనోని వెనక్కి, మిడ్‌ఫీల్డ్‌లోకి లాగాల్సి వచ్చింది. మెరీనో వెనక్కి వెళ్తే ముందు వింగర్ ట్రొసార్డ్ ఆడాల్సి వచ్చింది. చాలీచాలని దుప్పటి వ్యవహారం. తల కప్పితే కాళ్లు బయట, కాళ్లు కప్పితే తల బయట. 1-0, 2-1 తేడాలతో రెండూ ఓడి ఇంటికొచ్చాం. అంత దూరం వెళ్లిన జట్టుకి ఒక్క మనిషి తక్కువయ్యాడు.

అందుకే ఈ వేసవిలో ఒక్కో పేరు వస్తుంటే నేను ఫార్వర్డ్ ఎవరన్నది చూడలేదు. ఏ చోటు ఖాళీ, దానికి ఎవరు వచ్చారు, వాళ్లకి దెబ్బ తగిలితే తర్వాత ఎవరు అన్నది చూస్తూ కూర్చున్నాను. ఇదివరకు అట్లెటికో మాడ్రిడ్‌లో పనిచేసి మార్చిలో మన క్లబ్బుకి ఆటగాళ్ల కొనుగోళ్లు చూసే డైరెక్టర్‌గా వచ్చిన ఆండ్రియా బెర్టా ఏం లెక్క వేసుకున్నాడో మనకి తెలీదు, కానీ వచ్చిన ఎనిమిది మందిని చూస్తే ఆ లెక్క కనబడుతుంది.

ముందు జుబిమెండీ. నాకు ఈ వేసవిలో అన్నిటికంటే సంతోషం కలిగించిన పేరు ఇదే. 6 కోట్ల యూరోల రిలీజ్ క్లాజ్ (అంత చెల్లిస్తే క్లబ్బు వదలాల్సిన షరతు) ఉన్న ఈ స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ కోసం అంతకు ముందు వేసవిలో లివర్‌పూల్ అడిగితే, సొంత ఊరి జట్టు రియల్ సొసియెడాడ్‌ని వదలనన్నాడు. ఆర్టెటాదీ అదే ఊరు, సాన్ సెబాస్టియన్. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే పిల్లల క్లబ్బు, అంటిగ్వోకోలో ఆడారు. జుబిమెండీ చిన్నతనంలో చదరంగం కూడా బాగా ఆడేవాడట. అతని ఆట చూస్తే నమ్మాలనిపిస్తుంది. బంతి కాలికి తగిలేలోపే ఒకసారి ఎడమ భుజం మీదుగా, ఒకసారి కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. బంతి వచ్చేసరికి తర్వాతి ఎత్తు సిద్ధంగా ఉంటుంది. లీడ్స్ మ్యాచ్‌లో ఆ తల తిప్పడం ఒక్కటే చూడమని మా అమ్మాయికి చెప్పాను. ఇప్పుడు అపార్ట్‌మెంట్ కింద ఆడేటప్పుడు తనూ అలాగే తిప్పుతోంది.

ఇంకో సంగతి గుర్తు చేస్తాను. 2024 యూరో ఫైనల్‌లో ఇంగ్లండ్ మీద ఆడుతుంటే స్పెయిన్‌కి రోడ్రి గాయపడ్డాడు. ప్రపంచంలో ఆ స్థానంలో అతన్ని మించినవాడు లేడనుకునే రోజులు. సగం ఆట దగ్గర అతని బదులు దిగింది జుబిమెండీయే. స్పెయిన్ 2-1తో గెలిచింది. రెండో మనిషి అంటే నేను చెప్పేది అదీ. మొదటివాడు కూలిపోయినప్పుడు ఇల్లు కూలకుండా నిలబెట్టేవాడు.

ఇక గ్యోకెరెస్. స్పోర్టింగ్‌కి 102 మ్యాచ్‌ల్లో 97 గోల్స్. పోర్చుగల్ లీగ్ అంత గట్టిది కాదంటారు, నిజమే. మాంచెస్టర్ యునైటెడ్ మీద మొదటి మ్యాచ్‌లో అతను తేలిపోయాడనీ, అరవయ్యో నిమిషంలో తీసేశారనీ అంటారు, అదీ నిజమే. కానీ ఇతను రెండేళ్ల కిందటి దాకా ఇంగ్లండ్ రెండో డివిజన్‌లో కోవెంట్రీకి ఆడినవాడు. ఇంగ్లండ్ చలీ, వానా, డిఫెండర్ల మోచేతులూ అతనికి కొత్త కాదు. లీడ్స్ మీద ఎడమ పక్కన బంతి అందుకుని, డిఫెండర్‌ని తప్పించుకుని లోపలికి వచ్చి కొట్టిన గోల్ చూశాక, గోల్ వైపు తిన్నగా పరుగెత్తేవాడు మనకి దొరికాడని నమ్మకం కుదిరింది. అతను ఇరవై గోల్స్ కొడితే సంతోషం. కొట్టకపోయినా, ఇద్దరు డిఫెండర్లని తన వెంట లాక్కుపోతే సాకాకి, మార్టినెల్లికి చోటు దొరుకుతుంది. ఆన్రీ వేసుకున్న 14వ నంబరు చొక్కా ఇతనికి ఇచ్చారు. దాని బరువు నాకు తెలుసు కాబట్టి మొదటి నెలలోనే అతన్ని కొలవడం నాకు నచ్చదు.

నోర్‌గార్డ్ గురించి ఎవరూ మాట్లాడరు. బ్రెంట్‌ఫర్డ్ కెప్టెన్, 31 ఏళ్లు, ఫొటోలు అమ్ముడుపోయే రకం కాదు. రైస్‌కో జుబిమెండీకో విశ్రాంతి ఇవ్వాల్సిన రోజున అతని విలువ తెలుస్తుంది. గోల్‌కీపర్ కెపా కూడా అంతే. మన మొదటి గోల్‌కీపర్ రాయాకి ఏమీ కాకూడదని కోరుకుంటూ కొన్న మనిషి.

మాదుఎకె విషయంలో మాత్రం నాకు కోపం వచ్చింది. చెల్సీ నుంచి అతను వస్తున్నాడని తెలియగానే మన అభిమానులే వద్దంటూ హ్యాష్‌ట్యాగ్ పెట్టి, పిటిషన్ మీద సంతకాలు చేశారు. ఇరవై మూడేళ్ల కుర్రాడు. ఇంకా చొక్కా కూడా వేసుకోలేదు. కొత్త ఇంటి గడప తొక్కకముందే "నువ్వు మాకొద్దు" అని గుమ్మంలో నిలబడి అరిచినట్టు లేదూ? కిందటి సీజన్‌లో సాకా లేని మూడు నెలల్లో కుడి పక్కన ఎంత వెతుక్కున్నామో వీళ్లకి గుర్తుండాలి. ఆదివారం ఆన్‌ఫీల్డ్‌లో సాకా లేడు. లీడ్స్ మ్యాచ్‌లో మళ్లీ తొడ కండరం పట్టేసింది. కుడి పక్కన ఆడింది మాదుఎకె. మొదటి సగంలో లివర్‌పూల్‌ని కాస్తో కూస్తో కంగారుపెట్టింది అతనొక్కడే. సంతకాలు పెట్టినవాళ్లు ఆ నలభై అయిదు నిమిషాలు మళ్లీ ఒకసారి చూడాలి.

ఇక ఎజె. ఇతని గురించి రాయాలంటే కాస్త ఆగాలి. చిన్నప్పుడు ఆర్సెనల్ అకాడమీలోనే ఉన్నాడు. పదమూడో ఏట నువ్వు వద్దని పంపేశారు. తర్వాత ఫుల్‌హామ్, రెడింగ్, మిల్వాల్ తిరిగాడు, ఎక్కడా నిలవలేదు. క్వీన్స్ పార్క్ రేంజర్స్ తీసుకుంది, అక్కడి నుంచి క్రిస్టల్ ప్యాలెస్. ఈ మే 17న ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌లో మాంచెస్టర్ సిటీ మీద పడిన ఒకే ఒక్క గోల్ అతనిది. ప్యాలెస్ చరిత్రలో మొదటి పెద్ద ట్రోఫీ. ఆగస్టులో దాదాపు టాటెన్‌హామ్‌కి ఖాయమైపోయాడు. ఇంతలో హావెర్ట్జ్ మోకాలికి దెబ్బ తగిలిందన్న వార్త వచ్చింది. రోజుల వ్యవధిలో ఎజె ఆర్సెనల్ ఆటగాడు.

కిందటి జనవరితో ఇక్కడ పోల్చి చూడండి. అప్పుడు స్ట్రైకర్ పోతే చేతులు ముడుచుకు కూర్చున్నారు. ఇప్పుడు దెబ్బ తగిలిన వారంలోనే మనిషిని తెచ్చారు. క్లబ్బు నడిపేవాళ్లు మారారనడానికి నాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆగస్టు 23న లీడ్స్ మ్యాచ్‌కి ముందు అతన్ని మైదానంలోకి తీసుకొచ్చారు. పదో నంబరు చొక్కా. మా అమ్మాయి సోఫా మీద నుంచి కిందికి దిగి టీవీ దగ్గరగా వెళ్లి కూర్చుంది. కిందటేడు తనని స్కూల్ టీమ్‌లోకి తీసుకోలేదు. వారం రోజులు బూట్లు అటక మీదే ఉన్నాయి. నేను ఎన్ని చెప్పినా కదలని పిల్ల, ఎజె చప్పట్లు కొడుతూ మైదానం చుట్టూ నడుస్తుంటే, "ఇదే గ్రౌండు వాళ్లు వద్దన్నారు కదా నాన్నా?" అని అడిగింది. అవునమ్మా అన్నాను. ఇంకేమీ మాట్లాడుకోలేదు.

ఆఖరి రోజు, సెప్టెంబర్ 1న, లెవర్‌కూసెన్ నుంచి ఈక్వడార్ డిఫెండర్ ఇంకాపియే లోన్ మీద వచ్చాడు. మన డిఫెండర్ కివియోర్ పోర్టో వెళ్లాడు. నాకు కివియోర్ అంటే గౌరవం. ఏప్రిల్‌లో డిఫెండర్ గాబ్రియల్ గాయపడితే అతనే రియల్ మాడ్రిడ్‌ని రెండు మ్యాచ్‌ల్లోనూ ఆపాడు. ఆ ఒక్క చోట మనకి రెండో మనిషి ఉన్నాడు కాబట్టే సెమీస్ దాకా వెళ్లాం. ఇప్పుడు సాలిబా, గాబ్రియల్, మొస్కేరా, ఇంకాపియే. నలుగురిలో ఏ ఇద్దరు ఆడినా నిద్ర పట్టే జట్టు ఇది.

డబ్బుతో కొన్నదే కదా అన్నది మొదటి అభ్యంతరం. అవును, 25 కోట్ల పౌండ్ల పైన ఖర్చయింది. లివర్‌పూల్ ఇదే వేసవిలో 40 కోట్లు దాటింది, ఆఖరి రోజున ఒక్క స్ట్రైకర్ ఇసాక్ కోసమే 12 కోట్ల 50 లక్షలు ఇచ్చింది. ఈ లీగ్‌లో డబ్బు పెట్టకుండా ఎవరూ గెలవడం లేదు. దాన్ని ఎక్కడ పెట్టారన్నదే నాకు ముఖ్యం. ఒక్క మెరిసే పేరు మీద అంతా కుమ్మరించకుండా, ఎనిమిది చోట్ల పంచారు. నాకు నచ్చింది అదే.

పిల్లల సంగతేంటి అన్నది రెండోది. దీనికి నా దగ్గర అంత సులువైన జవాబు లేదు. ఎథన్ న్వానేరి మీద నాకు ప్రాణం. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, కిందటి సీజన్‌లో సాకా లేనప్పుడు కుడి పక్కన జట్టుని మోశాడు. ఇప్పుడు అతని ముందు కెప్టెన్ ఒడెగార్డ్, ఎజె, మాదుఎకె ఉన్నారు. ఆడకపోతే ఆ వయసులో కాలు మొద్దుబారిపోతుంది. అలాగని లీడ్స్ మ్యాచ్‌లో జరిగింది కూడా చూడాలి. ఒడెగార్డ్ భుజానికి దెబ్బ తగిలితే దిగింది న్వానేరియే. అరవై నాలుగో నిమిషంలో మాక్స్ డౌమన్ అనే పదిహేనేళ్ల పిల్లాడు దిగాడు. మా అమ్మాయికంటే ఏడాది పెద్ద, అంతే. డిఫెండర్ల మధ్య నుంచి బంతి తీసుకుపోయి ఆఖర్లో పెనాల్టీ సంపాదించాడు. పెద్దవాళ్లు 4-0 చేసి పెట్టారు కాబట్టే ఆ పిల్లాడు భయం లేకుండా ఆడగలిగాడు. గట్టి జట్టులో పిల్లలకి నిమిషాలు తగ్గినా, దొరికే నిమిషాలు మంచివి దొరుకుతాయని నా ఆశ. న్వానేరికి ఆ నిమిషాలు దొరక్కపోతే ఇదే చోట ఆర్టెటాని తప్పుపడతాను.

అసలు భయం నాకు మూడోది. కొనడం ఒక ఎత్తు, వాడటం ఒక ఎత్తు. ఆదివారం ఆన్‌ఫీల్డ్‌లో మిడ్‌ఫీల్డ్‌లో రైస్, జుబిమెండీ, మెరీనో ముగ్గురినీ దించారు. ముగ్గురూ కష్టపడేవాళ్లే. కానీ తాళం తీసేవాడు ఏడీ? ఎజె, ఒడెగార్డ్ ఇద్దరూ డెబ్బయ్యో నిమిషం దాకా బెంచీ మీదే. ఒడెగార్డ్ భుజం నొప్పితో ఉన్నాడు, సరే. ఎజెకి ఏమైంది? లివర్‌పూల్ ఆ రోజు అంత బాగా ఆడలేదు. సోబోస్లాయ్ మిడ్‌ఫీల్డర్ అయ్యుండి రైట్ బ్యాక్‌గా ఆడుతున్నాడు. ఆ పక్క నుంచి ఇంకా ముందే ఒత్తిడి పెట్టి ఉంటే అంతసేపు 0-0 దగ్గరే ఉండిపోయేవాళ్లం కాదు. ఓడకుండా ఉండాలన్న ఆలోచనతో దిగితే, ఒక్క ఫ్రీకిక్ చాలు అంతా పోవడానికి. ఆర్టెటా అంటే నాకు ఎంతో అభిమానం. ఎనిమిదో స్థానంలో ఉన్న జట్టుని మూడుసార్లు రెండో స్థానానికి తెచ్చింది అతనే. కానీ పాత రోజుల్లో బెంచీ ఖాళీగా ఉండబట్టి జాగ్రత్త అలవాటైంది. ఇప్పుడు బెంచీ నిండింది. ఆ అలవాటు మార్చుకోవాల్సింది అతనే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. హైదరాబాద్‌లో కూర్చుని లండన్ జట్టు బెంచీ గురించి ఇంత రాస్తున్నావు, మన సంగతేంటి అని మా నాన్న స్నేహితులు ఒకరు అడిగారు. ఆయన చిన్నప్పుడు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించి వింటూ పెరిగినవాడు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టు. దాన్ని నడిపిన రహీమ్ సాబే 1956 ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకానికి తీసుకెళ్లాడు. మన రోజుల్లోనూ హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో కేరళ మీద పెనాల్టీల్లో గెలిచి మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ ట్రోఫీ ఎత్తింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన రాత్రి మా ఇంట్లో నిద్ర లేదు. ఈ వేసవిలో ఆ లీగే ఆగిపోయింది. ఒప్పందాల గొడవలో జులైలో నిలిపేశారు. మన ఆటగాళ్లు సీజన్ ఎప్పుడని ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఎవరిని కొనాలా అని లెక్కలు వేసుకునే వేసవి ఒక ఊరికి ఎంత అదృష్టమో, అది లేనివాళ్లకే తెలుస్తుంది. పెద్దాయనకి నేను సరైన జవాబు ఇవ్వలేకపోయాను. ఆ బాధ నాకూ ఉంది.

మూడు మ్యాచ్‌లు అయ్యాయి. ఆరు గోల్స్ కొట్టాం, ఒకటి తిన్నాం. ఆరు పాయింట్లు, లివర్‌పూల్‌కి తొమ్మిది. ఇంకా 35 మ్యాచ్‌లున్నాయి. సాకా, హావెర్ట్జ్, సాలిబా గాయాలతో ఉన్నారు, ఒడెగార్డ్ భుజం సంగతి చూడాలి. రెండేళ్ల కిందట ఇందులో సగం జరిగినా సీజన్ మీద ఆశ వదులుకునేవాణ్ణి. ఇప్పుడు మాదుఎకె, గ్యోకెరెస్, మొస్కేరా, ఎజె అని పేర్లు చెప్పుకుంటూ నిద్రపోతున్నాను. ఈ జట్టు టైటిల్ కొట్టాలి. కొట్టగలదు. "మంచి ప్రయత్నం" అని ఇంకో ఏడాది సర్దిచెప్పుకునే ఓపిక నాకు లేదు, ఆ అవసరం కూడా ఈసారి లేదు.

తర్వాతి మ్యాచ్ సెప్టెంబర్ 13, శనివారం సాయంత్రం 5 గంటలకు, మన మైదానంలో ఫారెస్ట్‌తో. ఆ టైముకి మా అమ్మాయికి లెక్కల ట్యూషన్. నిన్న తనే సార్‌కి ఫోన్ చేసి, ఆ ఒక్క శనివారం పొద్దున్నే వస్తానని అడిగి ఒప్పించుకుంది. బూట్లు అటక మీద నుంచి దిగి నెలైంది. మ్యాచ్ అయ్యాక కిందికి వెళ్లి ఆడాలట, నన్ను గోల్‌కీపర్‌గా నిలబడమంది.